వాయుగుండం మీకు ఎవరు నేర్పారు?

(విశాఖపట్నంలో డిగ్రీ, నర్సింగ్ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయం కాబోలు. వెనక నిలబడినా అడుగుతాను. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినదాన్ని, ఆ అలవాటు పదవీ విరమణతో పోలేదు.

మొదటి ప్రశ్న ఇప్పుడే. వాయుగుండం అనే మాట ఎప్పుడూ విననివాళ్లు చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. అల్పపీడనం? అదీ అందరూ విన్నారు. తుఫాను తీరం దాటడం? దాని సంగతి విశాఖపట్నంలో అడగడమే తప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదుగానే దాటింది. అప్పటికి మీరు చిన్నపిల్లలు, అయినా ఆ రోజు ఇంటి తలుపులు ఎలా కొట్టుకున్నాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరే, ఇప్పుడు రెండో ప్రశ్న. ఈ మాటలు మీకు ఎవరు నేర్పారు? ఏ తరగతిలో? ఏ పాఠంలో?

చూశారా, జవాబు లేదు. ఎవరూ నేర్పలేదు. విన్నారు. రేడియోలో విన్నారు, టీవీలో విన్నారు, వీధి అరుగు మీద పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నారు. కానీ ఇవి మామూలు మాటలు కావు. వాతావరణ శాస్త్రం కొలిచి, గీత గీసి పెట్టుకున్న పారిభాషిక పదాలు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 వచ్చిందంటే తుఫాను, అక్కడే దానికి పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఆ పైన ఇంకా మెట్లు ఉన్నాయి, 222 దాకా. అంటే 61 కిలోమీటర్ల గాలికి ఒక పేరు, 62 కిలోమీటర్ల గాలికి ఇంకో పేరు. ఇంత కచ్చితమైన మాటల్ని ఈ ఊళ్లో బడికి పోనివాళ్లు కూడా వరస తప్పకుండా చెబుతారు. వాయుగుండం బలపడి తుఫాను అవుతుందంటారు కానీ, తుఫాను బలపడి వాయుగుండం అయిందని ఎవరూ అనరు. వరస చెవికి తెలుసు.

కాబట్టి సైన్సు మాటలు కష్టం, మాకు రావు, మాది తెలుగు మీడియం అని నాతో అనకండి. ఒక శాస్త్రం మాటలు మీకు వచ్చేశాయి. ఎలా వచ్చాయో గమనించుకోలేదు, అంతే. నేను మాట్లాడబోయేది ఆ 'ఎలా' గురించే. చెవితో ఎంత వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగిన చోట నిఘంటువు ఏం చేస్తుంది.

మా ఇల్లు వన్‌టౌన్‌లో ఉండేది. పక్క వీధిలో ఒక జాలరి తాత ఉండేవాడు. ఆయనకో ట్రాన్సిస్టర్ ఉండేది, దానికి తోలు తొడుగు. సెల్లులు నీరసపడితే పారేసేవాడు కాదు, మధ్యాహ్నం గడప ముందు ఎండలో వరసగా నిలబెట్టేవాడు. సాయంత్రానికి వాటిలో ఇంకో పావుగంట ప్రాణం వచ్చేది. ఆ పావుగంట పాటలకు కాదు, వాతావరణ వార్తకు. అది వస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్న మాట వినగానే రేడియో కట్టేసి, వల మడత పెట్టడానికి లేచేవాడు. ఒకరోజు వార్తలో 'అల్పపీడన ద్రోణి' అన్నారు. నాకప్పుడు పదేళ్లు ఉంటాయేమో. 'తాతా, ద్రోణి అంటే ఏమిటి?' అని అడిగాను. 'తెలియదమ్మా. అది వస్తే మూడు రోజులు ముసురు' అన్నాడు.

ఈ జవాబు నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను. అది తప్పు జవాబు కాదు. ద్రోణి ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. అది ఏమిటో తెలియదు. చెవి మనకు ఇచ్చేది అదే, మాట వచ్చినప్పుడు ఏం జరుగుతుందో. మాట లోపల ఏముందో చెవి చెప్పదు.

తరవాత ఎప్పుడో, కాలేజీలో చేరాక, గ్రంథాలయంలో ఒక పాత నిఘంటువు తిరగేస్తుంటే ద్రోణి కనబడింది. అర్థం ఏమని ఉంది? కొయ్యతొట్టి. దోనె. అవును, దోనె, పడవ! పటం మీద చూస్తే తక్కువ పీడనం ఉన్న ప్రాంతం ఒక చోట గుండ్రంగా కాకుండా పొడుగ్గా, తొట్టిలా, దోనెలా సాగి ఉంటుంది. అందుకని ద్రోణి. ఇంగ్లిష్‌లోనూ దానికి పశువుల నీళ్లతొట్టికి వాడే మాటే వాడతారు. జీవితమంతా దోనెలో తిరిగిన మనిషికి, ద్రోణి అంటే దోనె అని ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నాకు తెలిసేనాటికి చెప్పడానికి తాత లేడు.

ఇంకో మాట చూద్దాం. అల్పపీడనం. మా పక్కింటావిడ దీన్ని 'కొద్దిపాటి పీడ' అనుకునేది. పెద్ద పీడ తుఫాను, చిన్న పీడ అల్పపీడనం. నవ్వకండి, ఆవిడ తర్కం బాగానే ఉంది. మామూలు నిఘంటువు తీసినా పీడనం అంటే బాధించడం అనే ముందు వస్తుంది. పక్కనే ఇంకో అర్థం ఉంటుంది, ఒత్తడం, అదమడం. పాత పుస్తకాల్లో పెళ్లిని పాణిపీడనం అంటారు తెలుసా? చెయ్యి పట్టి ఒత్తడం. పెళ్లయినవాళ్లు మొదటి అర్థం కూడా సరిపోతుందంటే నేను కాదనను. భౌతికశాస్త్రం ఆ రెండో అర్థాన్ని తీసుకుంది. మన నెత్తి మీద ఉన్న గాలి అంతా మనల్ని ఒత్తుతోంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి సగటున 1013 మిల్లీబార్లు. చుట్టుపక్కల కంటే ఒక చోట అది తగ్గితే, గాలి అటు పరుగెడుతుంది. అల్పం అంటే ఇక్కడ చిన్నది కాదు, తక్కువ. మరి ఇది ఎక్కడ తెలుస్తుంది? మామూలు నిఘంటువులో తెలియదు. పారిభాషిక పదకోశం చూడాలి. తెలుగు అకాడమీ 1968లో మొదలైంది, శాస్త్రాలవారీగా అలాంటి పదకోశాలు వేసింది. రెండు రకాల నిఘంటువులు ఎందుకని అడుగుతారు. ఒకటి మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, ఇంకోటి ఆ మాటతో ఈ శాస్త్రంవాళ్లు ఏం చేస్తున్నారో చెబుతుంది. ఒకటే చూస్తే పక్కింటావిడ దగ్గరే ఆగిపోతాం.

వాయుగుండం మాటకొస్తే, గుండం అంటే గుంట. సుడిగుండం మీకు తెలుసు, బీచి దగ్గర బోర్డుల మీద కూడా హెచ్చరిస్తారు. నీటి సుడి సుడిగుండం, గాలి సుడి వాయుగుండం. ఇంగ్లిష్‌లో సైక్లోన్ అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? మన బంగాళాఖాతం ఒడ్డునే, కలకత్తాలో. హెన్రీ పిడ్డింగ్టన్ అని అక్కడ ఉద్యోగం చేసిన ఇంగ్లిష్ ఆయన నావికుల కోసం తుఫానుల మీద పుస్తకం రాస్తూ 1848లో ఆ పేరు పెట్టాడు. గ్రీకులో చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థంలోంచి తీసుకున్నాడు. ఒకరికి పాము చుట్ట కనబడింది, ఒకరికి గుండం కనబడింది. ఉపగ్రహాలు లేని రోజుల్లో, పై నుంచి ఎవరూ చూడని రోజుల్లో, అది గుండ్రంగా తిరుగుతుందని ఆ పేరులోనే పెట్టాడు. ఈ సంగతి తెలిశాక సైక్లోన్ మాటను మీరు మరిచిపోగలరా? ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు కాస్త చిక్కు మాట. ఉపరితల ఆవర్తనం. ఇదీ రోజూ వినేదే. ఆవర్తనం అంటే మళ్లీ మళ్లీ తిరగడం. గాలి చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఆవర్తనం. మరి కెమిస్ట్రీవాళ్లు చెప్పండి, మీ పుస్తకం వెనక అట్ట మీద ఏముంటుంది? ఆవర్తన పట్టిక! అదే మాట. 1869లో మెండలీవ్ మూలకాలను వరసగా పేర్చుకుంటూ పోతే గుణాలు మళ్లీ మళ్లీ తిరిగొచ్చాయి. అందుకని ఆవర్తనం. ఫిజిక్సుకు రండి. వెలుగు అద్దానికి తగిలి వెనక్కి తిరిగితే పరావర్తనం. సన్నని చీలిక అంచు దగ్గర పక్కకు తిరిగితే వివర్తనం. మాట మధ్యలో ఉన్న 'వర్తన' ఒకటే, తిరగడం. ముందున్న చిన్న ముక్క మాత్రం మారుతోంది. ఆ, పరా, వి. ఈ ఉపసర్గలు ఇరవై రెండు. ఇరవై రెండూ బట్టీ పట్టక్కర్లేదు, ఒక అరడజను చాలు. అభి అంటే వైపు, అప అంటే దూరంగా. అభికేంద్ర బలం, అపకేంద్ర బలం ఏవో ఇప్పుడు ఎవరూ చెప్పకపోయినా మీకే తెలుస్తాయి. తాడుకు రాయి కట్టి తిప్పండి, మీ చెయ్యే చెబుతుంది.

అయితే ఉపరితల అన్న మాట దగ్గర నాకు ఒక ఫిర్యాదు ఉంది. బడి పుస్తకంలో ఉపరితలం అంటే పైకి కనబడే తలం. నీటి ఉపరితలం, బల్ల ఉపరితలం. వాతావరణ వార్తలో ఉపరితల ఆవర్తనం నేలను అంటుకుని ఉండేది కాదు. 'సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు' అని వాళ్లే చెబుతారు, పై గాలుల్లో తిరిగే సుడి అది. ఒకే మాటకు ఒక చోట అంచు అర్థం, ఇంకో చోట ఆకాశం అర్థం. ఎవరు పెట్టారో గానీ, మంచి పేరు కాదు. కానీ యాభై ఏళ్లు చెవిలో పడ్డాక ఇప్పుడు మార్చమంటే ఎవరూ వినరు. నేనూ మార్చమనను. నిఘంటువు చూసినా ఇలాంటి చోట సందేహం తీరదు, వాక్యమంతా వినాలి. ఆ '5.8 కిలోమీటర్లు' వింటేనే అర్థం.

అలాగే ఓడరేవు హెచ్చరికలు. ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు. పదో నంబరు అంటే పెను ప్రమాదం, తుఫాను రేవు మీదుగానో, బాగా దగ్గరగానో పోతుందని. మరి పదకొండో నంబరు అంటే? ఎవరైనా చెబుతారా? అందరూ అనుకునేది పదికంటే పెద్ద తుఫాను అని. కాదు. హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. అంటే మాట ఆగిపోయింది, ఇక మీ జాగ్రత్త మీదని. విని ఊహించుకుంటే ఇలా తప్పుతాం. అంకె పెరిగితే గాలి పెరిగిందనుకుంటాం.

చెవి ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. ఇది వినండి, కళ్లు మూసుకుని వినండి. ద్రావణం, ద్రావణి, ద్రావితం. మళ్లీ చెబుతాను. ద్రావణం, ద్రావణి, ద్రావితం. ఉప్పునీళ్లు ద్రావణం, నీళ్లు ద్రావణి, ఉప్పు ద్రావితం. పుస్తకంలో చూస్తే ఇబ్బంది లేదు. ఫోనులో పాఠం వింటూ బస్సులో పోతుంటే, గాజువాక దాటేసరికి మూడూ ఒకటైపోతాయి. భ్రమణం, పరిభ్రమణం కూడా అంతే. భూమి తన చుట్టూ తాను తిరిగితే భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరిగితే పరిభ్రమణం. 'పరి' అంటే చుట్టూ. ఆ ఒక్క ముక్క చెవిన పడకపోతే సంవత్సరం కాస్తా రోజైపోతుంది!

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి వక్రీభవనం అంటే వంకర భవనం అనుకున్నాడు. పరీక్షలో రాయలేదు, నాతోనే అన్నాడు, అది అతని మంచితనం. తప్పు ఎవరిది? భవనం అంటే ఇల్లని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇక్కడ భవనం అంటే కావడం. వక్రం కావడం వక్రీభవనం. బాష్పం, అంటే ఆవిరి కావడం బాష్పీభవనం. ద్రవం కావడం ద్రవీభవనం, గడ్డకట్టడం ఘనీభవనం. ఒక్కసారి నిఘంటువు తెరిస్తే నాలుగు మాటలు. ఈ బేరం ఎక్కడైనా దొరుకుతుందా?

నర్సింగ్ అమ్మాయిలు చాలాసేపటి నుంచి గడియారం చూస్తున్నారు. మా మాటలు ఎప్పుడొస్తాయా అని. వస్తున్నాను.

మీకు చిక్కు ఎక్కువ, ఒప్పుకుంటాను. మీ మాటలన్నీ ఇంగ్లిష్‌లో, ఆ ఇంగ్లిష్ కూడా గ్రీకు, లాటిన్ నుంచి తెచ్చుకున్నది. పలికేది ఒకటి, రాసేది ఒకటి. మా బంధువుల అమ్మాయి నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒకరోజు ఏడుపు మొహంతో వచ్చింది. 'అత్తయ్యా, ఈ డిక్షనరీలో న్యుమోనియా లేదు' అంది. అంత లావు డిక్షనరీలో న్యుమోనియా లేకపోవడం ఏమిటి? ఎక్కడ వెతికావు అని అడిగాను. ఎన్ అక్షరం కింద. పాపం, గంటసేపు వెతికింది. ఆ మాట పి తో మొదలవుతుంది, పి పలకదు. గ్రీకువాళ్లు పలికేవారు, ఇంగ్లిష్‌వాళ్లు పలకడం మానేసి రాయడం మాత్రం మానలేదు. సైకాలజీ అంతే, పి తోనే. మొక్కల్లో నీటిని పైకి తీసుకుపోయే జైలెం ఉంది చూశారా, అది జెడ్‌తో కాదు, ఎక్స్‌తో మొదలవుతుంది. గ్రీకులో దానికి కొయ్య అని అర్థం. తెలుగు పుస్తకంలో దాన్ని దారువు అన్నారు, అదీ కొయ్యే, దేవదారులో ఉన్న దారువు. రుమాటిజంలో ఆర్ పక్కన వినబడని హెచ్ ఉంటుంది.

అప్పుడు ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే. విన్న మాట దొరకకపోతే, మాట లేదనుకోకు, తలుపు తప్పు తట్టావనుకో. న వినబడితే ఎన్ చూడు, లేకపోతే పి ఎన్ చూడు, కె ఎన్ చూడు, జి ఎన్ చూడు. స వినబడితే ఎస్, సి, పి ఎస్. ఫ వినబడితే ఎఫ్ కంటే ముందు పి హెచ్ చూడు, సైన్సు మాటల్లో ఎక్కువగా అదే. ఇలాంటి తలుపులు పది, పన్నెండు ఉంటాయి. అవి ఒక అట్టముక్క మీద రాసుకుని డిక్షనరీలో పెట్టుకుంది. ఇప్పుడు ఫోనులో తప్పు స్పెల్లింగు కొట్టినా సరైనది చూపిస్తుందంటారు. చూపిస్తుంది, కొన్నిసార్లు. మీరు కొట్టిన తప్పు ఇంకో నిజమైన మాట అయితే మాత్రం, నవ్వుతూ ఆ తప్పు మాటే చూపిస్తుంది.

ఉదాహరణ చెప్పమంటారా? ఇలియం. చిన్నపేగు చివరి భాగం పేరు ఇలియం. తుంటి ఎముక పై భాగం పేరు కూడా ఇలియం. పలకడంలో రెంటికీ తేడా లేదు. రాస్తే ఒక్క అక్షరం తేడా. పేగుకు మధ్యలో ఇ అక్షరం, ఎముకకు ఐ అక్షరం. ఎంత జాగ్రత్తగా విన్నా, ఎంత నిదానంగా విన్నా, వందసార్లు విన్నా, చెవికి ఇది తెలియదు. కన్ను పెట్టాల్సిందే.

హైపో, హైపర్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయికే జరిగింది. రాత్రి డ్యూటీలో ఫోను మీద ఒక సమాచారం వచ్చింది. వార్డులో రెండు ఫ్యాన్ల చప్పుడు. హైపోగ్లైసీమియా అని అవతల చెబితే, ఇవతల ఈమె హైపర్ అని రాసుకుంది. ఒకటి రక్తంలో చక్కెర పడిపోవడం, ఇంకోటి పెరిగిపోవడం. ఒకదానికి చక్కెర ఎక్కించాలి, ఇంకోదానికి దించాలి. పక్కనున్న సీనియర్ నర్సు 'రాసుకున్నది తిరిగి చదువమ్మా' అంది. చదివేసరికి అవతలివాళ్లు 'కాదు, కాదు' అన్నారు. అంతే, ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ మర్నాడు నాకు ఫోను చేసినప్పుడు ఆ అమ్మాయి గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. హైపో అంటే కింద, హైపర్ అంటే పైన అని తనకు తెలియక కాదు. చెవి తడబడింది. అప్పటి నుంచి తను అంకె కూడా అడిగి రాసుకుంటుంది. చక్కెర 70కి దిగువన ఉందంటే, ఫ్యాను ఎంత చప్పుడు చేసినా అది హైపర్ కాదు.

ఇంకో విషయం, ఊనిక. మనం తెలుగువాళ్లం మాటలో అన్ని అక్షరాలకూ సమానంగా అన్నం పెడతాం. ఇంగ్లిష్ అలా కాదు, ఒక అక్షరానికి విందు, మిగతావాటికి పస్తు. థర్మో, మీటర్ అని మనం విడదీసి చదువుతాం. వాళ్లు 'మా' మీద బరువు వేసి థర్మామీటర్ అంటారు. మా అమ్మమ్మ ధర్మామీటర్ అనేది. కాలేజీలో నేను థర్మో మీటర్ అని గొప్పగా దిద్దాను కూడా. ఇప్పుడు అనిపిస్తుంది, 'మా' దగ్గర అమ్మమ్మే నాకంటే దగ్గరగా ఉందని! ఆమె చెవితో నేర్చుకుంది, నేను కంటితో నేర్చుకున్నాను. అటామిక్‌లో బరువు 'టా' మీద, ఆటమ్‌లో 'ఆ' మీద. అది తెలియక ఇంగ్లిష్ పాఠం వింటుంటే తెలిసిన మాటే కొత్త మాటలా దొర్లిపోతుంది. చాలామంది 'నాకు అర్థం కాలేదు' అనేది ఇందుకే. అర్థం కాకపోవడం కాదది, ఆనవాలు పట్టకపోవడం.

నేను నేర్చుకున్న దారి చెబుతాను. మా అన్నయ్య షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవాడు. వాళ్లకు స్పెషల్ ఇంగ్లిష్ అని ఒక ప్రసారం ఉండేది, 1959లో మొదలైంది. సుమారు 1500 మాటలతోనే వార్తలూ సైన్సూ అన్నీ చెప్పేవారు, అదీ మామూలు వేగంలో మూడింట రెండు వంతులకు తగ్గించి. ఆ పరిధిలో లేని సైన్సు మాట వస్తే మానేసేవారు కాదు. మాట చెప్పి, వెంటనే తరవాతి వాక్యంలో విడమరిచేవారు. గరగర శబ్దంలో అదంతా వినేవాళ్లం. నాకు నచ్చిందల్లా ఆ ఆగడం. కొత్త మాట వచ్చే ముందు చిన్న విరామం ఉండేది. ఇప్పుడు మీ ఫోనులో వేగం ముప్పావుకు తగ్గించుకోవచ్చు, వెనక్కి జరపొచ్చు, మాకు ఆ భాగ్యం లేదు. ఉన్న భాగ్యాన్ని మీరు ఎందుకు వాడుతున్నారో చూస్తే, సగం మంది వేగం రెట్టింపు చేసుకుని వింటున్నారు! పాఠం త్వరగా అయిపోవాలని. అది వినడం కాదమ్మా, తోలడం.

వీడియో కింద వచ్చే అక్షరాలను నమ్ముకోకండి. మనిషి రాసినవి ఫరవాలేదు. యంత్రం తనంతట తాను రాసేవి మామూలు మాటలకు బాగానే ఉంటాయి, మనకు కావలసిన చోటే తప్పుతాయి. ఎందుకంటే అరుదైన మాట వినగానే, దానికి దగ్గరగా ఉన్న తెలిసిన మాట వేసేస్తుంది. మన పక్కింటావిడలాగే.

ఎలా చేయాలి మరి? ఆ అమ్మాయి నోటుబుక్కు తెచ్చాను, అడిగే తెచ్చాను. ముందు వరసవాళ్లు చూసి వెనక్కి పంపండి. నూనె మరకలున్నాయి, వంటింట్లో కూర్చుని రాసింది. ఎడమ పక్క తెలుగు లిపిలో, విన్నది విన్నట్టు. డిక్షనరీ చూడక ముందే రాయాలి, అదే నియమం. బరువు పడే అక్షరం కింద గీత. కుడి పక్క ఇంగ్లిష్ స్పెల్లింగు, మాటను ముక్కలు చేసి. ఐటిస్ అంటే వాపు అని ఒకసారి రాశాక, అపెండిసైటిస్, హెపటైటిస్, ఆర్థరైటిస్ మూడింటికీ ఆ ముక్క మళ్లీ రాయలేదు, బాణం గీసింది. ఒక పేజీలో చూడండి, ఎడమ పక్క రాసింది కొట్టేసి మళ్లీ రాసింది. డిక్షనరీ చూశాక మళ్లీ విన్నది, ముందు వినబడనిది అప్పుడు వినబడింది. ఆ కొట్టివేతే నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టం. రోజుకు అయిదు మాటలు మించి లేవు. పదిహేను రాసిన రోజు ఒకటి ఉంది, ఆ మర్నాడు పేజీ ఖాళీ.

తెలుగు లిపికి లోటు ఉంది, ఒప్పుకోవాలి. జెడ్ శబ్దం, ఎఫ్ శబ్దం సరిగ్గా రాయలేం. అందుకే పలుకును రాయడానికే ప్రపంచమంతటికీ ఒక లిపి ఉంది, పెద్ద డిక్షనరీల్లో మాట పక్కన కుండలీకరణాల్లో కనబడే వింత అక్షరాలు అవే. వాటిలో ఓ పది గుర్తుపట్టడం వస్తే మంచిదే. రాకపోతే పక్కనే స్పీకరు బొమ్మ ఉంటుంది, నొక్కండి. బ్రిటన్‌వాళ్లు మీథేన్ అంటారు, అమెరికావాళ్లు మెథేన్ అంటారు. ఏది ఒప్పని నన్ను అడగకండి. రెండూ వినబడితే ఒకటే గ్యాసని తెలిస్తే చాలు.

నిఘంటువు అంటే గ్రంథాలయంలో మౌనంగా తయారయ్యేదని మీరు అనుకుంటారు. తెలుగులో ఒక గొప్ప నిఘంటువు మొత్తం చెవితోనే తయారైంది. మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయం మీద మొదటి సంపుటి 1962లో వచ్చింది. ఊళ్లకు వెళ్లి, రైతుల్ని అడిగి, నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో విని రాసుకున్నారు. తరవాత చేనేత, ఇళ్ల నిర్మాణం, ఇంకా ఇతర వృత్తులు. పంతుళ్లు అడిగారు, పనివాళ్లు చెప్పారు. మీలో జాలరిపేట నుంచి వచ్చినవాళ్లు ఉంటే, మీ ఇంట్లో వలలో ఒక్కొక్క భాగానికీ పేరుంటుంది, గాలి వచ్చే దిక్కును బట్టి పేరుంటుంది. మీ నాయనమ్మను ఫోనులో రికార్డు చేయండి. నాకు తెచ్చి వినిపించండి, నాకు అవి రావు.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు మీ పని. రెండు నిమిషాల రికార్డింగు తెచ్చాను. సగం తెలుగు వాతావరణ వార్త, సగం ఊపిరితిత్తుల మీద ఇంగ్లిష్ పాఠం. రెండుసార్లు వినిపిస్తాను. తెలియని మాట తెలుగులో, విన్నది విన్నట్టు రాయండి, పక్కవాళ్లది చూడకండి, తప్పులే నాకు కావాలి. మొదటి అక్షరం పలకని మాట ఒకటి ఉంది, అది న్యుమోనియా కాదు. బాబూ, ఆ ఫ్యాను కాస్త ఆపు. ఫోన్లు సంచుల్లో పెట్టండి. నోటుబుక్కు ఎక్కడిదాకా వచ్చింది? సరే, అక్కడే ఉంచండి. పెడుతున్నాను.